సున్న పెట్టిన చెయ్యి

మోటారు బాగుందో లేదో మా నాన్న చెవి పెట్టి విని చెప్పేవాడు. నేను షాఫ్టును రెండు వేళ్ళతో తిప్పి చెబుతాను. చెప్పేదాన్ని అనాలి. ఇప్పుడు నా వేళ్ళ మాట అడిగేవాళ్ళు లేరు. అడిగినా చెప్పే ముఖం నాకు లేదు.

నా పేరు నూకరత్నం. మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్ వెనక వీధిలో మా నాన్నకు మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. చెరకు తోటల్లో పంపుసెట్లు కాలిపోతే మా దగ్గరికే తెచ్చేవారు. కాలిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇచ్చేవాళ్ళం. ఆడపిల్ల మోటారు చుట్టడమేమిటని మొదట్లో రైతులు నవ్వారు. నేను చుట్టిన మోటారు మూడు వేసవులు కాలకుండా తిరిగాక నవ్వడం మానేశారు.

నాన్నకు ఒక పట్టింపు ఉండేది. సాయంత్రం షాపు కట్టేసేటప్పుడు ఏ మోటారు పొట్టా ఖాళీగా ఉండకూడదు. లోపలి ఇనప కోర్ తీసి బల్లమీద పెట్టేసి ఇంటికి పోతామంటే ఒప్పుకునేవాడు కాదు. మళ్ళీ దాన్ని లోపల పెట్టించేవాడు. కుదరకపోతే కనీసం ఒక రేకు ముక్కైనా వేయించేవాడు. ఖాళీ కడుపుతో ఉంచిన యంత్రం మర్నాడు మనిషిని బలి అడుగుతుందని ఆయన నమ్మకం. నమ్మానో లేదో తెలియదు గానీ, నాన్న పోయాక కూడా నేను ఆ అలవాటు మానలేదు.

డాక్టర్ భానోజీ గారు మా షాపుకి మోటారు పట్టుకుని రాలేదు, చేతులు వెతుక్కుంటూ వచ్చారు. విశాఖపట్నంలో, సముద్రం కనిపించే కొండవాలులో ఒక పరిశోధనశాలకు ఆయన పెద్ద. తలవెంట్రుకలో సగం మందం ఉన్న తీగ ఆయనకు చుట్టించాలి. యంత్రాలు తెంపేస్తున్నాయట. జేబులోంచి తీగ ఉండ తీసి నా ముందు పెట్టి, అరగంట నిలబడి చూశారు. మూడువందల చుట్లు చుట్టాను, ఒక్కసారీ తెగలేదు. ఆ మర్నాటి నుంచి నేను బస్సెక్కి విశాఖ వెళ్ళడం మొదలైంది. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళు కూడా అలసిపోయిన వయసు.

అవి బ్యాటరీలలో వేసే ఖనిజాలు ప్రపంచమంతా కరువైన రోజులు. ఫోన్ల సంగతి సరే, గుండె ఆగిపోకుండా తట్టి లేపే పేస్‌మేకర్‌కి కూడా బ్యాటరీ దొరక్క రోగులు రెండేళ్ళ పాటు వరుసలో ఉండాల్సి వచ్చేది. చాలామంది గుండెలకు అంత ఓపిక ఉండేది కాదు. భానోజీ గారి ఆలోచన ఏమిటంటే, బ్యాటరీతో పనే లేకుండా చేయడం. రక్తం ఎలాగూ పరిగెడుతోంది కదా, ఆ పరుగులో బియ్యపు గింజంత అయస్కాంతపు చక్రం పెడదాం అన్నారు. రక్తనాళం లోపల ఆ చక్రం తిరుగుతుంది. నాళం చుట్టూ బయట చేతి గాజులాగా ఒక కోర్, దానిమీద నేను చుట్టిన తీగ. అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటే గుండెను తడుతుంది. ఎవడి గుండెకు వాడి గుండే కరెంటు సంపాదించి పెట్టుకుంటుందన్నమాట.

చిక్కంతా ఆ గాజుతో వచ్చింది. ఇనుముతో చేస్తే కరెంటు పుష్కలంగా వస్తుంది, కానీ అయస్కాంతం ఇనుమును అంటిపెట్టుకుంటుంది. షాఫ్టును వేళ్ళతో తిప్పితే కాస్త ఆగి, వదిలి, మళ్ళీ ఆగి, మళ్ళీ వదులుతుంది. దాన్ని మా షాపులో పట్టు అంటాం. చేలోని గాలిమరకి ఆ పట్టు ఒక లెక్కలోది కాదు. ఇక్కడ తిప్పాల్సింది జబ్బు గుండె. పోనీ ఇనుము మానేసి ప్లాస్టిక్ గాజు మీద చుడితే పట్టు ఉండదు గానీ, కరెంటు మూడోవంతుకు పడిపోతుంది. ఈ రెంటి మధ్య భానోజీ గారు, నేను చేరకముందు నుంచీ కలిపి, ఆరేళ్ళు నలిగారు. చివరికి ఒక కొత్త లోహం తయారుచేశారు. కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే చక్రం మీద పోసి, రెప్పపాటులో చల్లార్చి, ఉల్లిపొర లాంటి రిబ్బన్ తీశారు. దాన్ని కాలిస్తే నీలంగా మారింది. అందరం నీలి కోర్ అనేవాళ్ళం. అది అయస్కాంతాన్ని పట్టుకున్నంత తేలిగ్గా వదిలేస్తుందని, దానికి పట్టే లేదని ఆయన లెక్కలు చెప్పాయి.

మొదటి నీలి కోర్ మీద తీగ చుట్టి, సాయంత్రం అయస్కాంతం తిప్పి చూసే పరీక్ష యంత్రంలో బిగించి వెళ్ళాను. మర్నాడు పొద్దున్న యంత్రాన్ని సిద్ధం చేశాక, అలవాటుగా షాఫ్టును రెండు వేళ్ళతో తిప్పాను. బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టుంది. ఇనుము దగ్గర ఉన్నంత లేదు. కానీ ఉంది.

"పట్టు ఉన్నాది సార్," అన్నాను.

ఆయన నన్ను మీటరు దగ్గరికి పిలిచారు. పట్టును కొలిచే మీటరు అది. సున్న చూపిస్తోంది.

"నీ వేళ్ళు ఇనుముకి అలవాటు పడ్డాయమ్మా, లేని పట్టు వెతుక్కుంటున్నాయి," అన్నారు నవ్వుతూ. "మీటరుకి అలవాట్లు ఉండవు."

పెద్ద చదువులు చదివినాయన. నేను ఎనిమిదో తరగతి. నా వేళ్ళ మీద నాకే అనుమానం వచ్చింది. వాటిని చీర కొంగుకు తుడుచుకున్నట్టు కూడా గుర్తు.

ఆ మీటరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. సముద్రపు గాలికి అది రోజూ కాస్త అటూ ఇటూ జరిగేది. అందుకని పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని ఒక నిమిషం నెమ్మదిగా తిప్పి, అప్పుడు మీటరు ఏ అంకె చూపిస్తే అదే సున్న అని బటన్ నొక్కాలి. సున్న పెట్టడం అంటారు దాన్ని. అందరికంటే ముందు వచ్చేది నేనే కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. సాయంత్రం అందరికంటే చివర వెళ్ళేదీ నేనే. వెళ్ళేముందు, బయట ఉన్న నీలి కోర్‌ని మళ్ళీ యంత్రం పొట్టలో పెట్టి వెళ్ళేదాన్ని. భానోజీ గారు ఒకసారి చూసి ఎందుకని అడిగితే మా నాన్న పట్టింపు చెప్పాను. ఆయనకు భలే నచ్చింది. వచ్చిన పెద్దమనుషులందరికీ చెప్పేవారు, మా నూకరత్నం యంత్రాన్ని పస్తు పెట్టదండీ అని. వాళ్ళు నా వైపు తిరిగి ముచ్చటగా చూసేవారు. సరే, మరి పొద్దున్న ఆ కోర్ తీసి సున్న పెడుతున్నావా, ఉంచే పెడుతున్నావా అని ఒక్కరూ అడగలేదు. తీయాలని నాకు చెప్పినవాళ్ళూ లేరు.

ఒకరోజు పోల్చి చూద్దామని ప్లాస్టిక్ గాజు బిగించాం. మీటరు సున్న కంటే కిందికి దిగి, మైనస్ నాలుగు చూపించింది. సున్న కంటే తక్కువ పట్టు అంటే అది షాఫ్టును నెడుతోందా అని కుర్ర సైంటిస్టులు నవ్వుకున్నారు. మీటరులోకి చెమ్మ చేరింది, మళ్ళీ సున్న పెట్టు అన్నారు భానోజీ గారు. ప్లాస్టిక్ గాజు లోపల ఉండగానే బటన్ నొక్కాను. మైనస్ పోయి సున్న వచ్చింది. అందరూ సంతోషించి టీ తాగడానికి వెళ్ళారు.

ఇక మా తమ్ముడి సంగతి. వాడి పేరు పోలన్న. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను అప్పా అని పిలుస్తాడు, అక్క అనడానికి మా ఇళ్ళల్లో అదే మాట. అమ్మ వాడి నాలుగో ఏట పోయింది. వాడికి స్నానం చేయించింది, బడికి పంపింది, బడి ఎగ్గొడితే వీపు పగలగొట్టింది నేనే. పగలు చెరకు లారీలకు లోడింగు చేసేవాడు. అది కూడు కోసం. వాడి ప్రాణం మాత్రం తప్పెటగుళ్ళ మీద ఉండేది. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు, పదహారు మంది గుండ్రంగా తిరుగుతూ అప్పన్న దేవుడి మీద పాటలు పాడుతూ ఎగురుతారు. మా వాడు ఆ దళానికి గురువు. వాడు ముందు ఎగిరితేనే మిగతావాళ్ళు ఎగరాలి. వాడు ఎగురుతుంటే నేల మీద ఉన్నంతసేపు గాలిలోనూ ఉన్నట్టనిపించేది. అక్కను కాబట్టి అనడం లేదు, ఊళ్ళో అందరూ అనేవారు.

ఒక పెళ్ళివారి మెరవణిలో ఎగురుతూ ఎగురుతూ కూలబడ్డాడు. గుండె నిమిషానికి ముప్పై సార్లే కొట్టుకుంటోంది అన్నారు డాక్టర్లు. పేస్‌మేకర్ పెట్టాలి, వరుసలో పేరు రాస్తాం, రెండేళ్ళకు రావచ్చు అన్నారు. అంతవరకు ఉంటాడా అంటే చీటీ చేతిలో పెట్టి పంపేశారు.

అదే నెలలో నీలి కోర్‌ని మనుషులకు పెట్టడానికి అనుమతి వచ్చింది. నేను భానోజీ గారి గది ముందు నిలబడ్డాను. ల్యాబులో పనిచేసేవాళ్ళ సొంతవాళ్ళకు పెట్టడం మంచిది కాదని ఆయన రెండుసార్లు చెప్పారు. మూడోసారి నేను ఏడ్చాను. ఆయన మంచివాడు, ఏడిస్తే చూడలేడు. మొత్తం నలభై ఒక్కమందికి పెట్టారు. అందులో మూడోవాడు మా పోలన్న. వాడి కోర్ మీద తీగ చుట్టడానికి నేను పదిహేను రోజులు తీసుకున్నాను. ఒక్కో చుట్టూ భూతద్దంలో చూసుకుని చుట్టాను. అంత శ్రద్ధగా జీవితంలో ఏ పనీ చేయలేదు.

మూడు నెలలకు వాడు మళ్ళీ తప్పెట కట్టాడు. సరిగ్గా ఆ కుట్ల మచ్చ మీదికే వచ్చేది తప్పెట. నొప్పిగా లేదట్రా అంటే, లోపల కరెంటు మిల్లు ఉన్నవాడికి నొప్పేమిటని నవ్వేవాడు. పేపర్లలో భానోజీ గారి ఫోటోలు పడ్డాయి. ల్యాబు వార్షికోత్సవానికి మా తమ్ముడి దళం చేత తప్పెటగుళ్ళు వేయించారు. గుండెలో జనరేటర్ పెట్టుకున్నవాడు అంత ఎత్తు ఎగురుతుంటే, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వేదిక మీద చాలామంది పేర్లు చదివారు. నా పేరు చదవలేదు, నేను పట్టించుకోలేదు. నా తమ్ముడు ఎగురుతున్నాడు, నాకు అది చాలు అనుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. పోలన్న మెట్లెక్కితే రొప్పడం మొదలైంది. సాయంత్రానికి పాదాలు వాచేవి. లోడింగు పని ఎక్కువైందనేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒళ్ళు వెచ్చగా ఉంది చూడమని చెయ్యి చాపాడు. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టాను. జ్వరం లేదు. నాడి పైకి లేస్తోంది, వెంట్రుకవాసి సేపు ఆగుతోంది, అప్పుడు వదులుతోంది. మళ్ళీ లేస్తోంది, ఆగుతోంది. బెల్లం పాకంలో గరిటె.

నేను చెయ్యి వదల్లేదు. ఏటైనాది అని వాడు అడిగాడు. ఏమీ లేదన్నాను. నా వేళ్ళు ఆ పట్టును ముందే ఎరుగును. మీటరు మాట విని వాటిని కొంగుకు తుడుచుకున్నదాన్ని నేనే.

సోమవారం మొదటి బస్సుకే ల్యాబుకి వెళ్ళాను. రెండున్నరేళ్ళలో మొదటిసారి, సున్న పెట్టే ముందు నీలి కోర్‌ని బయటికి తీశాను. ఖాళీ యంత్రాన్ని తిప్పి సున్న పెట్టాను. తర్వాత నీలి కోర్ బిగించి మళ్ళీ తిప్పాను. మీటరు నాలుగు చూపించింది. తీసి, మళ్ళీ పెట్టి చూశాను. నాలుగు. మూడోసారీ నాలుగే. ఆ రోజు ప్లాస్టిక్ గాజు చూపించిన మైనస్ నాలుగు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. నీలి కోర్ పట్టునే రోజూ పొద్దున్న సున్న అని రాసిపెట్టి, మిగతా అన్నింటినీ దాని నుంచి కొలిచాం. సున్న అని బటన్ నొక్కిన చెయ్యి నాది.

భానోజీ గారు వచ్చాక ఆయన కళ్ళముందే మరోసారి చేసి చూపించాను. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. కాగితం తీసుకుని లెక్క వేశారు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే పడే బరువు గోరంత. కానీ గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఏడాదిన్నరగా ప్రతిసారీ ఆ గోరంత బరువును నెడుతోంది. బరువు మోసే కూలి భుజం కాయ కాసినట్టు ఆ గుండె కండ మందమైపోతుంది. మందమైతే లోపల రక్తానికి చోటు తగ్గుతుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"నేదు సార్."

"పది రోజులు ఆగమ్మా. వేరే మీటరు తెప్పించి మళ్ళీ కొలవాలి. తప్పు కబురు వెళ్ళిందంటే నలభై ఒక్కమందీ భయంతోనే పోతారు."

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. ఇప్పటికీ కాస్త ఉందనిపిస్తుంది. కానీ నేను తలూపింది అందుకు కాదు. ఇంకో పది రోజులు ఈ సంగతి తమ్ముడికి చెప్పక్కర్లేదు కదా అని నా ప్రాణం కుదుటపడింది. వాడి గుండె మీద ఆ బరువు పెట్టింది నేనేనని చెప్పాలంటే నాకు సిగ్గు. తప్పు చేసినందుకు కంటే, తప్పు చేశానని వాడికి తెలుస్తుందని ఎక్కువ సిగ్గు. అది ఎంత నీచమైన సంగతో అప్పుడూ తెలుసు.

ఆ పది రోజుల్లోనే కొత్త అమావాస్య వచ్చింది. అనకాపల్లిలో నూకాలమ్మ జాతర. పోలన్న దళం ఎగరాలి. పొద్దున్నే వాడు గజ్జెలు కట్టుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను. ఎగరొద్దురా అనడానికి నోరు తెరిస్తే ఎందుకని అడుగుతాడు. అందుకని తెరవలేదు. ఎండగా ఉంది, తొందరగా ముగించేయమన్నాను. వాడు నవ్వి తప్పెట నా చేత కట్టించుకున్నాడు. చిన్నప్పటి నుంచి నేనే కట్టాలి వాడికి, అదొక ఆనవాయితీ.

జనంలో ముందు వరసలో నిలబడ్డాను. వాడు ఎగిరిన ప్రతిసారీ లోపల చక్రం గిర్రున తిరుగుతుందనీ, తిరిగినకొద్దీ పట్టు పెరుగుతుందనీ ఆ జనం మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. మొదటి చుట్టు అయింది. రెండోది అయింది. ఆపమని వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఆపేవాడే, నా మాట ఎప్పుడూ తీసేయలేదు. నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. మూడో చుట్టులో వాడు ఎగిరి, కాళ్ళ మీద దిగలేదు.

చావలేదు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాం. నేను అక్కడి వరండా నుంచే భానోజీ గారికి ఫోన్ చేసి, మీ పది రోజులు అయిపోయాయి సార్ అన్నాను. ఆయన గంటలో వచ్చారు. అప్పుడు మాత్రం ఆయన దేనికీ ఆగలేదు. నలభై ఒక్కమందికీ అదే సాయంత్రం కబురు వెళ్ళింది. నేను ల్యాబులో కూర్చుని ప్లాస్టిక్ గాజు మీద ఇంకా సన్నని తీగ, రెట్టింపు చుట్లు చుట్టాను. మూడో రోజు పోలన్నకు నీలి కోర్ తీసి అది పెట్టారు. దానికి పట్టు లేదు. అది ఇచ్చే కరెంటు కూర్చోవడానికి, నాలుగడుగులు నడవడానికి సరిపోతుంది. ఎగరడానికి చాలదు.

డాక్టరమ్మ చెప్పింది, బరువు తీసేసినా మందమైన కండ మళ్ళీ పలచబడదని. పోలన్న వయసు అప్పటికి ముప్పై నాలుగు.

మిగతావాళ్ళకు గాజులు చుట్టడానికి నాలుగు నెలలు పట్టింది. అంత సన్నం తీగ చుట్టగల చేతులు అప్పటికీ నావే కాబట్టి నన్ను పనిలోంచి తీసేయలేదు. పోలన్నదీ కలిపి ముప్పై అయిదు చుట్టాను. ఆరుగురు ఆగలేకపోయారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు, ఊళ్ళు తెలుసు. పార్వతీపురం నుంచి ఒకామె, భర్త పోయిన మర్నాడు ల్యాబు గేటు దగ్గరికి వచ్చి, కోర్ చుట్టినావిడ ఎవరని అడిగిందట. సెలవులో ఉందని వాచ్‌మన్ చెప్పాడు. నేను కిటికీ లోంచి చూస్తున్నాను.

విచారణ సంఘం వేశారు. నన్ను పిలిచి సున్న ఎలా పెట్టేదానివని అడిగారు. చెప్పాను. సాయంత్రం కోర్ ఎందుకు లోపల పెట్టేదానివని అడిగారు. నాన్న పట్టింపు చెప్పాను. ఇదివరకు ఇదే మాటకు ముచ్చటపడ్డ ముఖాలు ఈసారి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. పది నిమిషాల్లో పంపించేశారు. భానోజీ గారిని రెండు రోజులు అడిగారు.

ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, బాగా వంగిపోయారు. ఉద్యోగం వదిలేశానని చెప్పారు. మొదటి రోజు పట్టు ఉందని నేను అన్నది మీకు గుర్తుందా సార్ అని అడిగాను. గుర్తుంది అన్నారు. సంఘానికి చెప్పారా అంటే, తల దించుకున్నారు.

"వాళ్ళు అడగలేదమ్మా."

ఆయన చెడ్డవాడని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. చెడ్డవాడైతే ఎంతో హాయిగా ఉండేది.

నివేదిక అచ్చయి వచ్చింది. నూటపది పేజీలు. పోలన్న ఇప్పుడు పగలంతా వీధి అరుగు మీద నులకమంచంలోనే ఉంటాడు. వాడికి చదవడం సరిగ్గా రాదు. చదివి వినిపించమన్నాడు. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. రోజూ ఆ వేళకు వాడి మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూడటం నాకు అలవాటు. కోర్ మార్చాక పట్టు పోయింది, నాడి తేలిగ్గా లేస్తోంది, కానీ బలం లేదు. ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో పేజీ తిప్పాను. అరవై మూడో పేజీలో ఉంది. శాస్త్రీయ శిక్షణ లేని నూకరత్నం అను సహాయకురాలు మూఢాచారము కారణముగా పరికరములో కోర్‌ను ఉంచి సున్నకు అమర్చుటచే దోషము గుర్తింపబడలేదు. అంతే. నలభై ఒక్కమందికి తీగ చుట్టింది ఎవరో ఆ నివేదికలో ఎక్కడా లేదు. నా పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి.

పోలన్న గోడ వైపు చూశాడు. గోడకు వాడి తప్పెట వేలాడుతోంది.

"నాన్న అలవాటే కదేటప్పా," అన్నాడు. "నాన్న సెప్పినాడు, నువ్వు సేసినావు. దీనికి నీ మీద రాయడమేటి? నాకేటీ కోపం నేదు."

ఆ మాట నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే మోసేదాన్ని. మనసు విప్పి క్షమిస్తుంటే, సగం తప్పుకే క్షమిస్తున్నాడని తెలిసి, ఆ చెయ్యి అలా పట్టుకుని ఎలా కూర్చోను? మొదటి రోజే నా వేళ్ళకు పట్టు తెలిసిందని చెప్పాను. జాతరకు ఆరు రోజుల ముందే మీటరు మీద నాలుగు చూశాననీ చెప్పాను. తప్పెట కట్టేటప్పుడు కూడా తెలుసునని చెప్పాను.

నా వేళ్ళ కింద వాడి నాడి ఒక్కసారి తడబడి, మళ్ళీ దారిలో పడింది.

"మీటరు నమ్మినావు, సరే," అన్నాడు. "సదువుకున్నోళ్ళు సెప్పినారు, నమ్మినావు. నానైనా నమ్ముదును. మరి జాతరనాడేటప్పా? నీకు తెలుసుండి తప్పెట ముడేసినావు."

సిగ్గేసిందిరా అని చెప్పడం ఎలా?

వాడు చెయ్యి లాక్కున్నాడు. విసురుగా కాదు, మెల్లగానే.

"ఇంక నా సెయ్యి ముట్టుకోకు," అన్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. అన్నం పెడతాను, తింటాడు. మందులు ఇస్తాను, వేసుకుంటాడు. పేటలో ఆరోగ్య కార్యకర్త అమ్మాయి రోజూ సాయంత్రం వస్తుంది. వాడి వేలికి చిన్న మీటరు తగిలించి, నాడి అంకె చూసి, వంటింట్లో ఉన్న నాకు వినిపించేలా గట్టిగా చదువుతుంది. నిన్న అరవై రెండు అంది. ఇవాళా అరవై రెండే, బాగున్నాడక్కా అంది.

ఆ మీటరుకు ఎవరు సున్న పెట్టారో, ఎలా పెట్టారో నాకు తెలియదు. సరే తల్లీ అంటాను. నమ్ముతాను.